కిక్కిరిసిన పార్కులో పక్కవాళ్ళతో ఎలా వేగాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఆరుగురు కలిసి హైదరాబాద్ శివార్లలోని ఒక అమ్యూజ్‌మెంట్ పార్కుకు వెళ్ళారు. గంటకు పైగా నిలబడ్డ లైన్లో పది మంది కుర్రాళ్ళు "మావాళ్ళు ముందున్నారు" అంటూ మధ్యలో దూరారు. అలలు వచ్చే వేవ్ పూల్‌లో ఇంకో బ్యాచ్ వచ్చి మీ పాప మీద పడింది. సాయంత్రం షోలో ముందువరసవాళ్ళు ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. అప్పటిదాకా ఓర్చుకున్న మీవారు అక్కడ ఒక్కసారిగా అరిచారు. చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళింది. పాప ఏడుస్తూ ఇంటికొచ్చింది. మళ్ళీ ఈ మే నెలలో వెళ్దామంటోంది. "ఇలాంటివాళ్ళతో గొడవ పడాలా, లేక నోరు మూసుకుని ఊరుకోవాలా?" అని మీరు అడిగారు.

రెండూ వద్దండీ. నేను ఇలాంటి పార్కు ఒకదానిలో తొమ్మిదేళ్ళు పని చేశాను. ఐదేళ్ళు రైడ్ ఆపరేటర్‌గా, నాలుగేళ్ళు సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఇప్పుడు స్కూలు పిల్లల్ని పిక్నిక్‌లకు తీసుకెళ్ళే పని చేస్తున్నాను. ఆ తొమ్మిదేళ్ళలో ఎన్ని గొడవలు విడదీశానో లెక్క లేదు. దాదాపు ప్రతి గొడవలోనూ ఒకటే కనిపించేది. మనిషి అరిచిన విషయం వేరు, కోపం వచ్చిన విషయం వేరు. మీవారు ఫోన్ గురించి అరిచారు కానీ ఆయన కడుపులో రగులుతున్నది పొద్దున లైన్లో జరిగింది, మధ్యాహ్నం పాపకు జరిగింది. అక్కడ అనాల్సిన మాట అక్కడ అనకుండా మింగారు. అది సాయంత్రానికి పదింతలై, సగం తప్పు కూడా చేయని మనిషి మీద పడింది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఇదే: మాట చిన్నగా ఉన్నప్పుడే అనేయండి. మొదటి ఐదు సెకన్లలో అంటే అది మాట, అరగంట తర్వాత అంటే అది తగువు.

లైన్ సంగతితో మొదలుపెడతాను. పార్కులో సగం రోజు అక్కడే గడుస్తుంది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

లైన్లో మధ్యలోకి వచ్చేవాళ్ళందరూ ఒకటి కాదు. పిల్లవాడిని బాత్‌రూమ్‌కు తీసుకెళ్ళి తిరిగొచ్చే తల్లిని ఆపకండి. ఆవిడ అప్పటికే పది మందికి "కొంచెం జరగండి, కొంచెం జరగండి" అని చెప్పుకుంటూ సిగ్గుపడుతూ వస్తుంది. ఆ ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. మీ ప్రశ్నలో చెప్పిన పది మంది వేరు. ఒకడిని లైన్లో నిలబెట్టి మిగతా తొమ్మిది మంది వేరే రైడ్ ఎక్కి, తిని, తాగి, సరిగ్గా గేటు దగ్గరపడే సమయానికి వస్తారు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టడం అలవాటైన మనకు ఇందులో తప్పేముందో చాలామందికి నిజంగానే తోచదు. మాట ఎలా మొదలుపెట్టాలో అర్థం కావాలంటే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వాళ్ళలో ఎక్కువమంది మిమ్మల్ని మోసం చేస్తున్నామని అనుకోవడం లేదు.

అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు న్యూయార్క్‌లో ఇదే విషయం మీద ఒక ప్రయోగం చేశారు. 1986లో అచ్చయింది. టికెట్ కౌంటర్ల లాంటి చోట్ల 129 లైన్లలో తమ మనుషుల్ని కావాలనే మధ్యలో దూర్చి, ఎవరేమంటారో చూశారు. ఒక్కరే దూరితే దాదాపు సగం లైన్లలోనే ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పారు. ఇద్దరు దూరితే పదింట తొమ్మిది లైన్లలో నోరు లేచింది. ఇందులో నాకు బాగా పనికొచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. దూరిన మనిషికి సరిగ్గా వెనక నిలబడ్డవాళ్ళు ఊరుకుంటే, ఆ వెనకవాళ్ళు కూడా దాదాపు ఊరుకున్నారు. అంటే లైన్ మొత్తం ఆ ఒక్క మనిషి వైపు చూస్తుంది. "వాళ్ళకే లేని బాధ మనకెందుకు" అనుకుంటుంది. నేను రైడ్ ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసింది కూడా అచ్చం ఇదే.

కాబట్టి దూరింది మీ ముందే అయితే, అనాల్సింది మీరే. మీకు నాలుగు అడుగుల వెనక దూరితే మీరు తిరిగి చూసి అరవక్కర్లేదు. మీ ముందు దూరినప్పుడు మాత్రం మీ వెనక ఉన్న యాభై మంది తరఫున కూడా మీరే మాట్లాడుతున్నారు.

ఏమనాలి? నేను ఏళ్ళ తరబడి వాడి చూసిన మాట ఒకటుంది: "తమ్ముడూ, లైన్ చివర అక్కడ, ఆ మెట్ల కింద ఉంది." అంతే. చేత్తో ఆ వైపు చూపించాలి. ముఖంలో కోపం ఉండకూడదు. ఇందులో అవతలి మనిషికి తెలియక వచ్చాడన్న దారి వదిలాం. "ఓ, అక్కడా!" అని పరువు పోకుండా వెనక్కి వెళ్ళగలడు. స్నేహితుల ముందు, అందులోనూ ఆడపిల్లలున్న బ్యాచ్ ముందు, ఇరవై ఏళ్ళ కుర్రాడికి పరువు ప్రాణం కన్నా ఎక్కువ. ఆ దారి మూసేస్తే వాడు తప్పు తెలిసి కూడా వెనక్కి తగ్గడు.

వాళ్ళు "మావాళ్ళు ముందున్నారన్నా" అంటే, వాదన పెట్టుకోకండి. "ముందున్నది ఒక్కరే కదా తమ్ముడూ, ఆయన్నే మీ దగ్గరకు పిలుచుకోండి, అందరూ కలిసి ఎక్కచ్చు" అనండి. అని వెంటనే మీ వెనకవాళ్ళ వైపు తిరిగి, "మీరు కూడా గంట నుంచి నిలబడ్డారు కదండీ?" అని అడగండి. వాళ్ళు తప్పకుండా అవునంటారు. నోరు తెరవడానికి ఎవరో ఒకరు అడగాలని వాళ్ళు చూస్తూ ఉంటారు. ఇప్పుడది మీకూ వాళ్ళకూ మధ్య గొడవ కాదు, లైన్ అడుగుతున్న మాట.

దీన్ని నాకన్నా బాగా చేసిన ఒక పెద్దావిడ నాకిప్పటికీ గుర్తుంది. జూన్ మొదటి వారం, స్కూళ్ళు తెరిచే ముందు ఆఖరి ఆదివారం. రేకుల కింద లైన్ మూడు మలుపులు తిరిగింది. ఆవిడకు డెబ్బై ఏళ్ళుంటాయి, చేతిలో చిన్న ప్లాస్టిక్ విసనకర్ర, పక్కన ఎనిమిదేళ్ళ మనవడు. నలుగురు కుర్రాళ్ళు రెయిలింగ్ కిందనుంచి వంగి సరిగ్గా ఆవిడ ముందుకొచ్చి లేచారు. ఆవిడ విసరడం ఆపలేదు. "ఏం బిడ్డా, గింత దూరం ఉరికొచ్చినవు, చెమటలు పట్టినయ్ చూడు" అని వాడికి కూడా నాలుగు విసుర్లు విసిరి, "ఈ పిలగాడు గంట సంది నిలవడ్డడు. కాళ్ళు గుంజుతున్నయని ఒక్కపారి గూడ అనలే. ఎన్కకు పోయి నిలవడండ్రి నాయనా" అంది. ఆ నలుగురిలో ముందున్నవాడు తల గోక్కున్నాడు. ఏమీ అనకుండా మళ్ళీ రెయిలింగ్ కిందనుంచే వెనక్కి వెళ్ళిపోయారు. నేను పది అడుగుల దూరంలో వాకీటాకీ పట్టుకుని, సెక్యూరిటీని పిలవాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. నాకా అవసరమే రాలేదు.

ఆవిడ వయసు అందరికీ ఉండదు, నిజమే. కానీ పిలుపు అందరి చేతిలో ఉంది. నేను విడదీసిన గొడవల్లో చాలావరకు లైన్ దగ్గర మొదలైనా, ముదిరింది మాత్రం "రా" దగ్గర. "ఏంట్రా దూరుతున్నావ్" అనగానే అసలు విషయం అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత అరగంటా "నన్ను రా అంటావా" అన్నదే గొడవ. నలభై దాటిన మనిషిని "నువ్వు" అన్నా అంతే. "చదువుకున్నోళ్ళలా ఉన్నారు, బుద్ధి లేదా" అన్న మాటైతే అస్సలు వద్దు. అది వాళ్ళ అమ్మానాన్నల దాకా వెళ్ళిందని అనుకుంటారు. అన్నా, తమ్ముడూ, అమ్మా, బాబూ, పెద్దాయనా అని మనకిన్ని పిలుపులున్నాయి. కోపం వచ్చినప్పుడే అవి ఎక్కువ అవసరం.

ఇలా చెప్పినా వాళ్ళు కదలకపోతే అక్కడితో ఆపేయండి. గేటు దగ్గరకు చేరినప్పుడు ఆపరేటర్‌కు చెప్పండి: "వీళ్ళలో నీలం టీషర్టు ఆయన ఒక్కరే లైన్లో ఉన్నారు, మిగతావాళ్ళు ఇప్పుడే వచ్చారు." రైడ్ దగ్గర గొలుసు తీసి లోపలికి పంపేది అతనే. నేనైతే ముందు నిలబడ్డవాడిని ఎక్కించి, మిగతా తొమ్మిది మందిని పక్కన నిలబెట్టి వెనకవాళ్ళను రెండు ట్రిప్పులు పంపేవాణ్ణి. ఎవరితోనూ వాదన లేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఆ ఆపరేటర్లు ఎక్కువగా ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు. ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి పని చేస్తుంటారు. పొద్దుటినుంచి ఎండలో నిలబడి ఉంటారు. "మీరేం చేస్తున్నారు ఇక్కడ, గాడిదలు కాస్తున్నారా" అని మొదలుపెడితే మీ ఫిర్యాదు వినే ఓపిక అక్కడే పోతుంది. ఎవరు, ఎంతమంది, ఏ రంగు బట్టలు, ఎక్కడున్నారు అన్న నాలుగు ముక్కలు చెబితే వాళ్ళు వెంటనే కదలగలరు.

ఇక్కడ మీకొక లెక్క చెప్పాలి. ఆపరేటర్‌గా నా మనసు మార్చిన లెక్క ఇది. ఒక రైడ్‌లో 24 సీట్లున్నాయనుకోండి. జనాన్ని ఎక్కించి, తిప్పి, దించేసరికి 4 నిమిషాలు. గంటకు 15 ట్రిప్పులు, 360 మంది. మీ ముందు ఆరుగురు దూరితే మీకు పోయేది ట్రిప్పులో నాలుగో వంతు, అంటే సుమారు ఒక నిమిషం. ఇప్పుడు ఇంకోటి చూడండి. ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒకరు సీట్లో కూర్చున్నాక జేబులోంచి ఫోన్, తాళాలు తీసి ఎక్కడ పెట్టాలని అడుగుతారు. ఒకరు చెప్పులు విప్పడానికి మళ్ళీ లేస్తారు. ఇంకొకరు పక్క సీట్లో తమవాళ్ళు లేరని వరస మారతారు. ట్రిప్పుకు ఒక్క నిమిషం ఎక్కువ పట్టిందంటే గంటకు 12 ట్రిప్పులే, 288 మంది. గంటకు 72 మంది తగ్గిపోయారు. లైన్లో దూరినవాడిని అందరం చూస్తాం, తిడతాం. రోజంతా మన సమయం తినేసేది మాత్రం సిద్ధంగా లేకుండా సీటెక్కేవాళ్ళు. అందులో చాలాసార్లు మనమే ఉంటాం. అందుకే మీరు గేటు దగ్గరకు వచ్చేసరికే ఫోన్లు, పర్సులు లాకర్లోనో ఒకరి సంచిలోనో పెట్టేయండి. ముందువాళ్ళకు కూడా నెమ్మదిగా "అన్నా, చెప్పులు అక్కడ విప్పాలంట" అని ఒక మాట చెప్పండి. అది ఎవరూ తప్పుగా తీసుకోరు, సహాయం అనుకుంటారు.

ఒక పొరపాటు కూడా జరగకుండా చూసుకోండి. పెద్ద పార్కుల్లో ఎక్కువ డబ్బు కట్టి తొందరగా వెళ్ళే టికెట్లున్నాయి. వాళ్ళు వేరే దారిలో వచ్చి మీ ముందు కలుస్తారు. తిరుమలలో 300 రూపాయల దర్శనం లైన్ వచ్చి కలిసినప్పుడు సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో కూర్చుని వచ్చినవాళ్ళకు ఎలా ఉంటుందో, ఇక్కడా అలాగే ఉంటుంది. ఆ పద్ధతి నాకూ నచ్చదు. కానీ అందులో వచ్చిన కుటుంబం తప్పేమీ లేదు, వాళ్ళ మీద అరవకండి. ముందే బోర్డు చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

తోపులాట మాత్రం వేరే విషయం. వెనకనుంచి అలలాగా తోస్తుంటే దాన్ని చిరాకుల లెక్కలో వేయకండి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. గేటు తెరిచే సమయంలో, వర్షం పడి అందరూ ఒక్కసారి షెడ్ కిందకు పరుగెత్తినప్పుడు, షో అయిపోయి ఒకే ద్వారంలోంచి బయటపడేటప్పుడు మీ పిల్లల్ని ఎత్తుకోండి. పక్కకు, గోడ వైపు కాకుండా ఖాళీ ఉన్న వైపు, జరిగిపోండి. అక్కడ "నేను ముందొచ్చాను" అన్న మాటకు విలువ లేదు. ఐదు నిమిషాలు ఆగి వెళ్ళండి.

ఇక నీళ్ళు. మీ పాప మీద పడిన సంగతి చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. లైన్లో పనికొచ్చే మర్యాద నీళ్ళ దగ్గర పనికిరాదు. అక్కడ ప్రమాదం ఉంది కాబట్టి తోటి సందర్శకులతో మాట్లాడటం మీద సమయం పెట్టొద్దు. నేరుగా లైఫ్‌గార్డ్ దగ్గరకు వెళ్ళండి.

నా కళ్ళ ముందు జరిగింది చెప్తాను. ట్యూబ్ లేకుండా జారే ఒక స్లైడ్. పై మనిషి ఈల వేశాకే ఒక్కొక్కరు దిగాలి. కిందివాళ్ళు నీళ్ళలోంచి లేచి పక్కకు వెళ్ళారని కింది గార్డ్ చెయ్యి ఊపుతాడు, అప్పుడే ఈల. ఆ రోజు ఒక కుర్రాడు ఈల కాకుండానే రెండుసార్లు జారాడు. నవ్వుకుంటూ మళ్ళీ మెట్లెక్కాడు. లైన్లో ఉన్న ఒక తండ్రి రెండుసార్లూ చూశాడు. ఎందుకులే అని ఊరుకున్నాడు. మూడోసారి ఆ కుర్రాడు జారేసరికి కింద ఉన్నది ఆ తండ్రి కొడుకే. మోకాలు వచ్చి పిల్లవాడి గడ్డానికి తగిలింది. నీళ్ళు ఒక్క క్షణం ఎర్రగా అయ్యాయి. నాలుగు కుట్లు పడ్డాయి, అంతటితో పోయింది. ఫస్ట్ ఎయిడ్ గదిలో ఆ తండ్రి నాతో "నేను చూశాను సార్, రెండుసార్లు చూశాను" అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. మా పై గార్డ్ తప్పు కూడా అందులో ఉంది, దాన్ని దాచడం లేదు. అతన్ని ఆ రోజే ఆ చోటు నుంచి మార్చాం. కానీ ఆ తండ్రి మొదటిసారే గార్డ్‌కు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ కుర్రాణ్ణి అక్కడితో ఆపేసేవాళ్ళం.

వేవ్ పూల్‌లో ఎక్కడ నిలబడ్డారన్నది చాలా ముఖ్యం. సైరన్ మోగగానే కుర్రాళ్ళ బ్యాచ్‌లు చేతులు పట్టుకుని గుండ్రంగా మధ్యలో నిలబడతాయి. అల వచ్చినప్పుడు ఆ గుంపు మొత్తం ఒకేసారి వెనక్కి పడుతుంది. పిల్లలతో ఉన్నవాళ్ళు మధ్యకు వెళ్ళొద్దు. ఒక పక్కకు, లైఫ్‌గార్డ్ ఎత్తుగా కూర్చునే కుర్చీకి దగ్గరగా, పెద్దవాళ్ళ మోకాలు దాటని లోతులో ఉండండి. పిల్లలు ఒడ్డు వైపు, మీరు లోతు వైపు నిలబడండి. అప్పుడు ఎవరు పడినా ముందు మీకు తగులుతారు. జీన్స్‌తో నీళ్ళలో దిగేవాళ్ళ గురించి కూడా రాశారు. నైలాన్ బట్టలు వేసుకోవాలన్న నియమం ఊరికే పెట్టలేదు, కాటన్ బట్టలు నీళ్ళు పీల్చి బరువెక్కుతాయి, పోగులు ఫిల్టర్లలోకి పోతాయి. కానీ ఆ పట్టింపు పార్కువాళ్ళకు వదిలేయండి, మీ రోజు దాని మీద పెట్టొద్దు.

ఆడవాళ్ళ విషయంలో నా సలహా పూర్తిగా వేరు. కావాలని తగలడం, వెంటపడటం, తడి బట్టల్లో ఉన్నవాళ్ళను వీడియో తీయడం లాంటివాటిలో తమ్ముడూ లేదు, మర్యాదా లేదు, సర్దుకుపోవడం అసలే లేదు. గట్టిగా, పక్కవాళ్ళకు వినపడేలా "దూరం జరుగు" అనండి. వెంటనే లైఫ్‌గార్డ్‌కు, సెక్యూరిటీకి చెప్పండి. 100 లేదా 112కు ఫోన్ చేయచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181. తెలంగాణలో షీ టీమ్స్ 2014 అక్టోబర్ నుంచి పని చేస్తున్నాయి, రద్దీ ఉన్న చోట్ల మఫ్టీలో ఉండి ఇలాంటివాళ్ళను పట్టుకోవడమే వాళ్ళ పని. బట్టలు మార్చుకునే గదిలో ఫోటో, వీడియో తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి నేరం రుజువైనా కనీసం ఏడాది జైలు ఉంటుంది. అలాంటిదేమైనా జరిగితే కోపంలో ఆ ఫోన్ లాక్కుని వీడియో డిలీట్ చేయించకండి. అదే సాక్ష్యం. మనిషిని, ఫోన్‌ను సెక్యూరిటీ గదిలో ఉంచి పోలీసులను పిలవమనండి. "ఎందుకమ్మా, పిల్లలతో వచ్చారు, వదిలేయండి" అని పార్కు మనుషులే అనచ్చు. నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు మా పైవాళ్ళు ఒకసారి అలా సర్దిచెప్పి పంపేశారు. ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. మీరు అలా వదలొద్దు.

షోలో ఫోన్ల సంగతి చిన్నది. వెనకనుంచి "కూర్చోండి, కూర్చోండి" అని అరిస్తే ఎవరూ కూర్చోరు, ఎవరిని అన్నారో కూడా తెలియదు. లేచి వెళ్ళి, చెవి దగ్గర వంగి "అన్నా, వెనక చిన్నపిల్లలున్నారు, కొంచెం ఫోన్ కిందకు పట్టుకుంటారా" అనండి. చెవి దగ్గర చెప్పిన మాటకు దాదాపు ఎవరూ ఎదురు చెప్పలేదు. తువ్వాలు, సంచులు పరిచి వరస మొత్తం పట్టేసినవాళ్ళు ఉంటే, షో మొదలయ్యే రెండు నిమిషాల ముందు "ఎవరైనా వస్తున్నారా అండీ?" అని అడిగి కూర్చోండి.

మా బంధువులు డల్లాస్‌లో ఉన్నారు, వాళ్ళు థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఓర్లాండో వెళ్తుంటారు. నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి వెళ్తే అక్కడా ఇదే తంటా, ఒకరిని లైన్లో పెట్టి మిగతావాళ్ళు తర్వాత రావడం. అక్కడివాళ్ళు పైకి ఏమీ అనకపోయినా చాలా తప్పుగా చూస్తారు. అక్కడి డిస్నీ పార్కుల్లో రైడర్ స్విచ్ అని ఒక పద్ధతుంది. చిన్నబిడ్డ ఎక్కలేని రైడ్ అయితే భర్త ఎక్కేవరకు భార్య బిడ్డతో ఉండి, తర్వాత భార్య మళ్ళీ లైన్ మొత్తం నిలబడకుండా ఎక్కచ్చు. లైన్ మొదట్లోనే సిబ్బందిని అడగాలి. సెల్ఫీ స్టిక్‌లను అక్కడ 2015లోనే నిషేధించారు, పెద్ద సైజు స్ట్రోలర్లను, అంటే చిన్నపిల్లల్ని తోసుకెళ్ళే బండ్లను, 2019లో ఆపేశారు. వెళ్ళే ముందు ఇవన్నీ చూసుకుంటే గేటు దగ్గర ఇబ్బంది ఉండదు.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీరు ఆరుగురు వెళ్ళారు. ఈసారి మీ ఆడపడుచు కుటుంబం కూడా వస్తోందన్నారు, పది మంది అవుతారు. పది మంది అయ్యాక మనకు తెలియకుండానే మనం ఇంకొకరికి ఆ బ్యాచ్ అయిపోతాం. నేను స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు మొదటి ఏడాది ఇదే జరిగింది. నలభై మంది పిల్లలు ఒక దారి మధ్యలో ఆగి లెక్కపెట్టుకుంటుంటే, వెనక ఒక ముసలాయన కర్ర పట్టుకుని దారి కోసం ఆగిపోయాడు. నేను చూడనే లేదు, పిల్లల్లో ఒకమ్మాయి చెప్పింది. అప్పటినుంచి లెక్కపెట్టేది చెట్టు కిందే, దారి వదిలేసి. లైన్లోకి వెళ్ళేముందు అందరం ఒకచోట చేరతాం. బాత్‌రూమ్ పనులు అయ్యాకే లైన్. ఎవరైనా ఆగిపోతే మేమే బయటకొచ్చి కలుస్తాం, వాళ్ళను ముందుకు పిలవం. మీరూ పది మందితో అలాగే చేయండి.

ఆఖరుగా మీవారి గురించి. ఆయన మనసు మంచిదే. పాపకు జరిగినదాన్ని తట్టుకోలేకపోయారు. ఈసారి వెళ్ళేముందు ఇద్దరూ ఒక మాట అనుకోండి. ఏదైనా జరిగితే మొదటి మాట మీలో ఎవరు అనాలో ముందే నిర్ణయించుకోండి. నా అనుభవంలో ఆడవాళ్ళు మొదట అంటే గొడవ తక్కువ ముదురుతుంది, మగాడికి మగాడు ఎదురైతే పరువు మధ్యలోకి వస్తుంది. వాళ్ళు తాగి ఉన్నట్టు అనిపిస్తే మాత్రం ఎవరూ అనొద్దు, సెక్యూరిటీకి చెప్పండి. ఇంకా, ఆకలి మీద మనిషి ఓర్పు తొందరగా పోతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు క్యాంటీన్ దగ్గర అందరూ గుమిగూడతారు కాబట్టి పన్నెండుకే తినేయండి. అందరూ తింటున్నప్పుడు పెద్ద రైడ్ల దగ్గర లైన్ సగమవుతుంది, అప్పుడు ఎక్కండి. నాలుగింటికి ఒకసారి నీడలో కూర్చుని, మీవారిని "ఇప్పటిదాకా ఏమైనా చిరాకు వచ్చిందా?" అని అడగండి. వచ్చి ఉంటే అక్కడే చెప్పేసుకుంటారు, షో దాకా మోయరు.

మే నెలలో అంటున్నారు కాబట్టి ఆదివారాలు, సెలవు రోజులు వదిలేసి మంగళ, బుధవారాల్లో చూసుకోండి. గేటు తెరిచే సమయానికి అరగంట ముందే అక్కడ ఉండండి. పాప ఏ రైడ్ మళ్ళీ ఎక్కాలని ఏడ్చిందో అదే మొదట ఎక్కించండి, లైన్ పెరగకముందే.